పదిహేడు చింతపిక్కలు

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన మొదటివారంలో, పూతలపట్టు నుంచి చిత్తూరు పోయే బస్సులో కండక్టరు తాయమ్మ చేతిలో సున్నా టికెట్టు ఒకటి పెట్టాడు. తాయమ్మ దాన్ని ముందూ వెనకా తిప్పింది. కిటికీ వెలుతురుకు పట్టి చూసింది.

"సున్నా అని పైన కొట్టినావు, సరే. కిందుండే ఈ రవ్వంత అచ్చరాల్లో ఏం రాసినావు నాయనా?"

"ఏమీ లేదక్కా. నీ ఛార్జీ సర్కారు కడతాది."

"నాకెందుకు కడతాది? నేనేమన్నా దానికి పిల్లనిచ్చినానా?"

బస్సంతా నవ్వింది. తాయమ్మ మాత్రం నవ్వలేదు. టికెట్టును మడిచి కొంగున ముడేసుకుని, ఇంటికి తెచ్చి రేకుడబ్బాలో దాచింది. రేపెప్పుడో ఎవడో వచ్చి, ఇన్నాళ్లు ఊరికే తిరిగినావు గదా, కట్టు అంటే చూపించడానికి. ఆ డబ్బాలో ఇప్పుడు అలాంటి సున్నా టికెట్లు వందకు పైనే ఉన్నాయి.

ఊళ్లో ఆమెకు తూకం తాయమ్మ అని పేరు. చేసేది చింతపండు పని. మండీవాళ్లు గోనెసంచుల్లో కాయ దించిపోతారు. ఇంటిముందు రాతిమీద పెట్టి ఇనుపకడ్డీతో కొట్టి, పెంకు రాల్చి, ఈనెలు లాగి, పిక్క తీసి, పండు వేరుచేసి మళ్లీ మండీకి తూచాలి. పిక్క ఉన్నది కరిపులి. పిక్క లేనిది పువ్వుపండు, ధరంతా దానికే. పువ్వుపండు బుట్టలో ఒక్క పిక్క కనబడితే చాలు, మండీ గుమాస్తా మొహం మాడ్చుకుని అరకిలో తరుగు తీసేస్తాడు. అందుకని తాయమ్మ ప్రతి తునకనూ బుట్టలో వేసేముందు బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తుంది. ఇరవై రెండేళ్లుగా నొక్కి నొక్కి ఆ వేలి కొసన గీతలన్నీ అరిగిపోయాయి. రేషను మిషను మీద పెడితే ఆ వేలు పడదు.

"దానికి నామీద అనుమానం, నాకు దానిమీద అనుమానం. సరికి సరి," అంటుంది తాయమ్మ.

మండీకి పోయేటప్పుడు తన సొంత వేలాడే తూకం కూడా సంచిలో వేసుకుని పోతుంది. ముందు ఇంట్లో తూచి, తరవాత అక్కడ తూయించి, రెండూ కలిస్తేనే బుట్ట వదులుతుంది.

పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదామె. పదేళ్ల కిందట వరాలలక్ష్మి చిట్స్ అని ఒకటి ఆ చుట్టుపక్కల ఊళ్లలో నడిచింది. దాని ఏజెంటు మునిప్రసాద్ ప్రతి సోమవారం మోపెడ్ మీద వచ్చేవాడు. "అక్కా, నీ చేతి మజ్జిగ తాగితేగాని నాకు వారం మొదలు గాదు" అని గడపలో కూర్చునేవాడు. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లయిన కోమలిని చూసి, ఈ బిడ్డ కలెక్టరవుతుంది అనేవాడు. తాయమ్మ ముప్పై ఒక్క నెలలు కట్టింది. ఆఖరి నాలుగు నెలల కంతులకు చెవి కమ్మలు కూడా కుదువబెట్టింది. ఒక సోమవారం మోపెడ్ రాలేదు. ఆ తరవాతి సోమవారమూ రాలేదు. చిత్తూరులో ఆఫీసుకు పోతే షట్టరు దించి ఉంది. దానిపైన బోర్డుమీద లక్ష్మి చేతిలోంచి నాణేలు బొటబొటా రాలుతున్నాయి.

"ఆ దుడ్లు రాలేది మనకే అనుకున్నాము. వానికి రాల్తా ఉండాయని అప్పుడు గదా తెలిసింది," అని ఇప్పటికీ చెబుతుంది. ఆ నాటి నుంచి ఆమె చెవులకు వేపపుల్లలే.

కోమలి గురుకులంలో ఇంటర్ చదివి, పోటీ పరీక్ష రాసి, తమిళనాడులో ఒక కేంద్రప్రభుత్వ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఆహారపదార్థాలు చెడిపోకుండా నిలవచేయడం, డబ్బాల్లో పెట్టడం, యంత్రాల మీద తయారుచేయడం నేర్పే నాలుగేళ్ల ఇంజనీరింగు చదువు. కబురు వినగానే తండ్రి ఓబయ్య మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లోడు దించుతున్నవాడు దించుతున్నట్టే ఆపి, తోటి హమాలీలందరికీ టీ చెప్పేశాడు. తరవాత లెక్క తెలిసింది. హాస్టలు, భోజనం అన్నీ కలిపి మొదటేడాదికి లక్షా నలభై రెండు వేలు. మన రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంటు అక్కడికి వర్తించదు. పద్నాలుగో తేదీలోపు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఆ సాయంత్రం తాయమ్మ కాయ కొడుతుంటే కోమలి వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, దుడ్లకు భయపడబాక. నేను విద్యాలక్ష్మిలో అప్లై చేసినా."

ఇనుపకడ్డీ గాలిలోనే ఆగిపోయింది.

"యా లక్ష్మి?"

"విద్యాలక్ష్మి."

"ఇంగో లక్ష్మి వచ్చిందా ఈ ఇంటికి! ఏమబ్బా, ఇన్నావా? నీ కూతురు మళ్లా లక్ష్మిని తెచ్చింది!"

లోపలినుంచి ఓబయ్య వచ్చాడు. "దేవత పేరు మే తాయీ అది. అట్ల అరస్తావే?"

"ఆ యమ్మ పేరు పెట్టుకోని దొంగ ఎవుడుండాడు సెప్పు? ఆఫీసు యాడంట? షట్టరుండాదా, తలుపా?"

"ఆఫీసుండదమ్మా. ఫోన్లోనే. అది సర్కారుది. ఆడ అప్లై చేస్తే బ్యాంకోళ్లు చూసి అప్పిస్తారు."

"షట్టరు గూడా లేదంట! దించుకునే పని గూడా తప్పింది వాళ్లకి."

ఆ మాటకు కోమలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తల్లికి నచ్చచెబుదామని అసలైన మంచిమాటను చివరికి దాచుకుని చెప్పింది. చదివే నాలుగేళ్లూ కంతు కట్టక్కర్లేదు. చదువయిన తరవాత ఇంకో ఏడాది దాకా కూడా అక్కర్లేదు. తమ ఆదాయం తక్కువ కాబట్టి అన్నాళ్ల వడ్డీ సర్కారే భరిస్తుంది.

సరిగ్గా ఆ మాటకే తాయమ్మ కడ్డీ కింద పెట్టేసింది. పొదుపు గుంపులో అప్పు తీసుకుంటే మరుసటి నెల అయిదో తేదీకి కంతు. ప్రైవేటు ఫైనాన్సు అయితే మరుసటి వారమే కంతు, కట్టకపోతే ఇంటిముందు మనిషి. ఆమె ఎరిగిన లోకంలో అప్పంటే అడిగేదే.

"అప్పిచ్చి అయిదేండ్లు అడగనోడు ఉంటాడా యాడన్నా? అడగలేదంటే వాని కన్ను దుడ్ల మీద లేదు. ఇంటి మీదుండాది. కంతు లేని అప్పు నేను ముట్టను."

పక్కింటి మునెమ్మ గోడమీదుగా తల పెట్టింది. ఆమెదీ తాయమ్మదీ ఒకటే పొదుపు గుంపు. "అంత ఆలోచన ఎందుకు తాయక్కా? సర్కారు అప్పు ఎవురు కడతారు? ఎలక్షన్లొస్తే మాఫీ అయిపోతాది. తీసుకోని గమ్మునుండు."

"మాఫీ అవుతాదని కాయితంలో రాసుండాదా మునెమ్మా?"

"అది కాయితంలో రాస్తారా యాడన్నా!"

"అయితే నీ మాట నీకాడే పెట్టుకో."

తొమ్మిదో తేదీన చిత్తూరు బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. అప్పు మంజూరైంది, తల్లీ కూతురూ వచ్చి సంతకాలు పెట్టండి అని. అప్పు కోమలి పేరు మీదే ఉంటుంది, తల్లి తోడు సంతకం పెట్టాలి. తాయమ్మ కదల్లేదు. కాగితం ముందు ఇంటికి రావాలి, తాను వినాలి, తరవాతే సంతకం అంది. కోమలి, ఓబయ్య పోయి నకలు తెచ్చారు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు.

పదో తేదీ పొద్దున తాయమ్మ చింతకాయ సంచి పక్కకు నెట్టి, ముందు ఒక ఖాళీ పళ్లెం పెట్టుకుని కూర్చుంది. ఒడిలో గుప్పెడు చింతపిక్కలు.

"సదువు. ఒగ లైను సదివి నిలబెట్టు. నాకు అర్థమైతే సరే. కాకుంటే ఈ పళ్లెంలో ఒగ పిక్క ఏస్తా. పిక్క పడిన లైను బ్యాంకులో అడగాల."

కోమలి ఒక లైను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతూ పోయింది. తాయమ్మ ఒక్కో మాటనూ పండు తునకను నొక్కినట్టే నొక్కింది. విద్యాలక్ష్మి అన్న పేరు దగ్గరే మొదటి పిక్క పడింది. ఇంటి పత్రాలు అక్కర్లేదన్న చోట రెండోది. మొదటి పేజీ అయ్యేసరికి ఆరు పడ్డాయి.

"ఇక్కడ మారటోరియం అనుండాదమ్మా."

"మారెమ్మ తోరణమా?"

"మారటోరియం. అంటే కంతు కట్టకుండా ఆగే కాలం."

"కంతు ఆపేదానికి అంత పెద్ద పేరెందుకు?" ఇంకో పిక్క పడింది.

నాలుగో పేజీ అయిపోయేసరికి పళ్లెంలో పదహారు పిక్కలు. కోమలి కాగితాలు మడిచి ఊపిరి పీల్చుకుంది. ఇంతటితో అయిపోయిందనుకుంది. కానీ తాయమ్మ ఆ కాగితాలు తీసుకుని, కొంగుకింద పెట్టుకుని, సెంటర్లో నెట్ షాపు నడిపే సుకుమార్ దగ్గరకు నడిచింది. ఇంట్లో తూచింది బయటి తూకంలోనూ తూచాలి గదా.

సుకుమార్ అద్దాలు సర్దుకున్నాడు. "అప్పు పని నాకు వదిలేయక్కా. నాలుగు వేలియ్యి, మొత్తం నేను సూసుకుంటా."

"సూసుకునేదొద్దు. సదివేదానికెంత?"

"సదివేదానికా?" అతనికి ఇంతవరకు ఎవరూ అలాంటి బేరం పెట్టలేదు. "ఇరవై రూపాయలు."

అతను చదివి చెబుతుంటే తాయమ్మ కూతురు చెప్పినవి మనసులో వరసగా పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసింది. మూడో పేజీ దాకా రెండు తూకాలూ కలిశాయి. మూడో పేజీ అడుగున సుకుమార్ ఒక లైను చదివాడు. విద్యార్థి చదువు మధ్యలో మానేస్తే, జబ్బు లాంటి కారణముంటే తప్ప, వడ్డీ రాయితీ పోతుంది. అప్పు కట్టడం అప్పటినుంచే మొదలవుతుంది.

"ఆగు. మళ్లా సదువు," అంది తాయమ్మ.

అతను మళ్లీ చదివాడు. ఆ లైను కోమలి చదవలేదు.

తాయమ్మ ఇరవై రూపాయలు ఇచ్చి బయటికి వచ్చింది. సెంటర్లో తిరుపతి బస్సు హారన్ కొడుతూ పోతోంది. ఆమె రోడ్డు అంచున అట్లాగే నిలబడిపోయింది. మండీ గుమాస్తా మోసం చేస్తే ఆమెకు కోపం వస్తుంది. మునిప్రసాద్ మోసం చేస్తే ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండూ రాలేదు. పువ్వుపండు బుట్టలో చెయ్యి పెడితే వేలికి గట్టిగా ఏదో తగిలినట్టుంది. ఆ బుట్ట తన చేత్తో నింపుకున్నదే.

ఇంటికి వచ్చి కోమలిని ఏమీ అడగలేదు. రేకుడబ్బా పక్కనున్న పళ్లెంలో ఇంకొక పిక్క వేసింది. కోమలి ఆ చప్పుడుకు తల తిప్పింది. పళ్లెం పక్కన తల్లి పెట్టిన కాగితాల్లో మూడో పేజీ పైకి ఉంది. అమ్మాయి మొహం పాలిపోయింది. అమ్మ అరిస్తే బాగుండు అనుకుంది. తాయమ్మ అరవలేదు. ఆ రోజంతా ఆ ఇంట్లో కాయ కొట్టే చప్పుడు తప్ప మాట లేదు.

"ఏమైంది మే మీ ఇద్దరికీ?" అన్నాడు ఓబయ్య.

"తరుగు," అంది తాయమ్మ.

పదకొండో తేదీ కూడా అలాగే పోయింది. సంతకం పెడతావా పెట్టవా అని ఓబయ్య నాలుగుసార్లు అడిగాడు. నాలుగోసారి మాత్రం జవాబు వచ్చింది. "అడగాల్సినవి అడిగినాక."

పన్నెండో తేదీ పొద్దున తాయమ్మ పదిహేడు పిక్కలను చేతిగుడ్డలో మూటకట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కింది. దారిపొడుగునా కోమలి కిటికీలోంచి బయటికే చూసింది. తాయమ్మ సున్నా టికెట్టును ఎప్పటిలాగే తిప్పి చూసి, ముడేసుకుంది.

బ్యాంకులో చదువు అప్పులు చూసే ఆఫీసరు పేరు ఐశ్వర్య. పలమనేరు పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయేమో. అంత చిన్నపిల్ల చేతిలో అయిదు లక్షల అరవై వేల అప్పు కాగితం ఉండటమే తాయమ్మకు నచ్చలేదు. బల్లముందు కూర్చుని మూట విప్పింది. పిక్కలు గాజుబల్ల మీద టకటకా రాలాయి.

"ఏందక్కా ఇవి?"

"నాకు అర్థంగాని లైన్లు. ఒగటి సెప్పితే ఒగటి నీకిస్తా. పదహారు సెప్పాల."

"పదిహేడున్నాయి గదా?"

"పదహారే నీవి."

ఐశ్వర్య గడియారం వైపు చూసింది. తరవాత ఆ పిక్కల వైపు చూసింది. ఆమె అమ్మమ్మది కూడా పలమనేరు దగ్గర పల్లె, చింతపండు ఇల్లే. పెన్నుల డబ్బా ఖాళీ చేసి ముందుకు జరిపింది.

"అడుగక్కా."

"ఈ విద్యాలక్ష్మి ఎవురు?"

"మనిషి గాదు, కంపెనీ గాదు. సర్కారు పథకం పేరు. అప్పిచ్చేది మా బ్యాంకు. నువ్వు అడగాల్సింది నన్ను."

"నిన్ను బదిలీ సేస్తే?"

"ఈ కుర్చీలో ఎవరుంటే వాళ్లని."

తాయమ్మ వంగి కుర్చీ కాళ్లు చూసింది. గట్టిగానే ఉన్నట్టుంది. ఒక పిక్క డబ్బాలో పడింది.

"ఇంటి పత్రాలు ఎందుకు అడగలేదు? అడగలేదంటే నాకు అనుమానం."

"ఈ పథకంలో తాకట్టు లేదక్కా, జామీను మనిషి గూడా లేదు. నువ్వు కోమలితో కలిసి సంతకం పెడతావు. అంటే అప్పు ఇద్దరిదీ. ఆమె కట్టకపోతే నిన్నడుగుతాం. అది మాత్రం దాచేది లేదు."

రెండో పిక్క. ఇలా ఒక్కోటీ. డబ్బు మీ చేతికి రాదు, కాలేజీ ఖాతాకే పోతుందని ఐశ్వర్య చెప్పగానే తాయమ్మ కాలేజీ ఇచ్చిన కాగితం తీయించింది. ఖాతా నంబరులో అంకెలన్నీ కోమలి ఒకవైపు, ఐశ్వర్య ఒకవైపు చదువుతుంటే వేళ్లమీద కలుపుకుంది. ఒకచోట ఐశ్వర్య తొందరలో రెండంకెలు కలిపి చదివితే మళ్లీ మొదటినుంచి చదివించింది. వెనక లైన్లో ఒకాయన గట్టిగా నిట్టూర్చాడు.

"అంత తొందరైతే నీ ఖాతాకు ఏయించుకోప్పా," అంది తాయమ్మ వెనక్కి తిరక్కుండానే. ఆయన మళ్లీ నిట్టూర్చలేదు.

కంతు దగ్గర చాలాసేపు పట్టింది. అయిదేళ్లు ఎందుకు అడగరు అన్నదానికి ఐశ్వర్య ఏం చెప్పినా పిక్క బల్లమీదనుంచి కదల్లేదు. చివరికి ఆమె పెన్ను కింద పెట్టింది.

"అక్కా, నువ్వు చింతమొక్క నాటి, నాటిన మరుసటి నెలే కాయ కోస్తావా?"

"కొయ్యను."

"మేం గూడా అంతే. పాప చదివి, సంపాదన మొదలయ్యాకే కడతాది. చదివేటప్పుడు అడిగితే కట్టేది ఎవరు? నువ్వు. నువ్వు కాయ కొట్టి కట్టాల. అది వద్దనే ఈ గడువు."

తాయమ్మ ఆ పిక్కను రెండువేళ్ల మధ్య కొంచెంసేపు తిప్పింది. డబ్బాలో వేసింది. కానీ ఎందుకైనా మంచిదని డబ్బా అంచుకు దగ్గరగా వేసింది.

పదహారో పిక్క మిగిలింది.

"నాలుగేండ్లు సదువుతాది, ఇంగో యేడు సూస్తారు. అప్పటికీ పాపకు పని దొరక్కపోతే?"

ఎదుటి మనిషి ఏం వినాలనుకుంటుందో తెలిసినా, ఐశ్వర్య ఏం చెప్పాలో వెతుక్కుంటున్నట్టుంది.

"కట్టాల్సిందేనక్కా. రొంత గడువు అడగొచ్చు, కంతు చిన్నది చేసుకోవచ్చు, పదిహేనేండ్ల దాకా సాగదీసుకోవచ్చు. కట్టకపోతే పాప పేరు మీద మచ్చ పడతాది. రేపు ఇల్లు కట్టుకోవాలన్నా ఏ బ్యాంకూ అప్పియ్యదు. మాఫీ అవుతాదని ఎవరైనా చెప్పినా నమ్మొద్దు. నేనైతే చెప్పను."

తాయమ్మ ఆ పిల్ల మొహంలోకి సూటిగా చూసింది. ముప్పై ఒక్క నెలలు గడపలో కూర్చుని మజ్జిగ తాగిన మునిప్రసాద్ ఒక్కనాడైనా ఒక చెడ్డమాట చెప్పలేదు. అన్నీ తీపిమాటలే. ఈ పిల్ల మాత్రం చేదుమాటను చేదుగానే చెప్పింది. ఆ చేదుమాట దగ్గరే ఆమెకు కాలు నేలమీద ఆనినట్టయింది.

పదహారో పిక్క డబ్బా మధ్యలో పడింది.

"సంతకం పెడతావా అక్కా?"

"ఇంగొకటుండాది. నీది గాదు." తాయమ్మ పదిహేడో పిక్కను తీసుకుని కూతురి ముందు బల్లమీద పెట్టింది. "ఇది ఈ పాపది. మూడో పేజీ, కింద లైను. సదవకుండా ఎందుకు దాటేసినావు?"

కోమలి తల వంచుకుంది. ఐశ్వర్య కాగితాలు సర్దుతున్నట్టు నటించింది.

"నువ్వు ఒప్పుకోవని..." అంది కోమలి.

"అది గాదు. మిగతా పదహారింటికీ నేను ఒప్పుకోలేదు గదా, అవి సదివినావే."

టోకెన్ నంబరు పిలిచే మిషను రెండుసార్లు మోగింది.

"నాకు భయమేసింది అమ్మా." కోమలి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఆడ అందరూ పెద్ద పెద్ద స్కూళ్లలో సదివినోళ్లుంటారు. అంతా ఇంగ్లీషు, బయటికొస్తే తమిళం. నాకు రాకపోతే? మధ్యలో వచ్చేస్తే? ఆ లైను సదివితే అది నిజమైపోతాదేమో అనిపించింది. అప్పుడు ఈ అప్పంతా నీ మీద పడతాది."

తాయమ్మకు పదోతేదీ నుంచి చేతికి తగులుతున్న గట్టిది ఏమిటో ఇప్పుడు తెలిసింది. మోసం కాదు. కూతురు తనకు చెప్పుకోలేని భయం. ఎవరి గుట్టయినా నొక్కి పట్టుకునే తాను, పక్కనే పడుకునే పిల్ల భయాన్ని పట్టుకోలేకపోయింది. కనబడ్డ ప్రతివాళ్లనీ అనుమానించే తల్లికి పిల్ల ఏమని చెప్పుకుంటుంది?

"భయం మీ నాయనకు సెప్పినావా?"

"లేదు."

"మంచిపని సేసినావు. ఆయన టీ పోసిన వాళ్లందరికీ సెప్పుంటాడు."

కోమలికి ఏడుపులోనే నవ్వు వచ్చింది. తాయమ్మ పిక్కను కూతురి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇది నీకాడే పెట్టుకో. మధ్యలో వచ్చేయాలనిపిస్తే ముందు నాకు ఫోను సెయ్యి. బ్యాంకుకు తరవాత. రావద్దని నేను సెప్పను. దాచిపెట్టబాక, అంతే." ఆమె ఐశ్వర్య వైపు తిరిగింది. "ఆ లైను అట్లనే ఉండనీ పాపా. పెన్నియ్యి."

రెండో తరగతిలో మానేసిన చదువు తాయమ్మది. పేరు మాత్రం రాస్తుంది. ఆమె సంతకం పెట్టే ప్రతిచోటా మూడక్షరాలకూ నిమిషం పట్టింది. పద్నాలుగు చోట్ల పెట్టింది. పెట్టినచోటల్లా పైనున్నది కోమలితో ఒకసారి చెప్పించుకుంది.

పదమూడో తేదీ మధ్యాహ్నం కాలేజీ నుంచి రసీదు ఫోన్లోకి వచ్చింది. దాన్ని సుకుమార్ షాపులో కాగితం మీద తీయించి, రెండు రూపాయలిచ్చి, రేకుడబ్బాలో సున్నా టికెట్ల పైన పెట్టింది తాయమ్మ.

కోమలి వెళ్లిన మరుసటి నెల అయిదో తేదీన, పొదుపు గుంపు కంతు కట్టే రోజునే, ఐశ్వర్య బల్లముందు తాయమ్మ ప్రత్యక్షమైంది. మూడు వందలు బల్లమీద పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"కంతు."

"ఇప్పుడు కట్టబన్లేదని చెప్పినా గదా. మారటోరియం..."

"అది నీకుండాది. నాకు లేదు. కట్టుకోకూడదని కాయితంలో రాసుండాదా?"

లేదు. ఐశ్వర్య మళ్లీ వెతికి చూసినా లేదు. ఎంత కట్టినా అసలులో తగ్గుతుంది. డబ్బు జమచేసి రసీదిచ్చింది. తాయమ్మ ఆ రసీదులో కూతురి పేరు, అంకెలు, తేదీ ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కుతూ చూసుకుంది. కోమలి ఎట్లుందని ఐశ్వర్య అడిగింది.

"రెండుసార్లు ఫోను సేసింది వచ్చేస్తానని. మూడోసారి సాంబారు బాగలేదని సేసింది. సాంబారు దాకా వచ్చిందంటే ఉంటాదిలే."

రసీదు మడిచి లేవబోతూ, తాయమ్మ పెన్నుల డబ్బాలోకి తొంగిచూసింది. మొహం మారింది. డబ్బాను బల్లమీద బోర్లించింది. వేలితో ఒక్కొక్కటే పక్కకు జరిపింది.

"పదహారిచ్చినా. పదిహేనుండాయి."

"ఊడ్చేటప్పుడు ఏదో ఒకటి పడిపోయుంటాదక్కా."

"యా లైనుది పోయింది?"

"అది... అన్నీ ఒకటే మాదిరుంటాయి గదా."

"అయితే మొదటినుంచి సెప్పు."

వెనక లైన్లో ఏడుగురు ఉన్నారు. ఐశ్వర్య వాళ్లవైపు చూసి, పక్క కౌంటరుకు పొమ్మని చేత్తో సైగచేసింది. తాయమ్మ వైపు కుర్చీ జరిపింది. తాయమ్మ మళ్లీ కూర్చునేముందు కుర్చీ కాళ్లు ఒకసారి చూసుకుంది.

"విద్యాలక్ష్మి మనిషి గాదక్కా," అని మొదలుపెట్టింది ఐశ్వర్య.

"అది పోయిన నెల సెప్పినావు," అంది తాయమ్మ ఒక పిక్కను డబ్బాలో వేస్తూ. "ఇప్పుడు గూడా అదే మాట సెప్తావా లేదా అని సూస్తా ఉండా."